ఆ చెయ్యి గీతను తాకిందా? ఆటల ఫొటోలకు క్యాప్షన్లు రాయడం గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా జిల్లాలో జరిగే కబడ్డీ, అథ్లెటిక్స్ పోటీలకు నేనే ఫొటోలు తీసి సంఘం పేజీలో పెడుతున్నాను. ఫొటోలు బాగున్నాయని అందరూ అంటారు. క్యాప్షన్ మాత్రం ఎవరూ చదవరు. 'దుమ్మురేపిన మన అమ్మాయిలు', 'సత్తా చాటిన క్రీడాకారులు' అని రాస్తుంటాను. ఆసక్తిగా రాయాలంటే ఏం చేయాలి? మూడు ఫొటోలు జతచేస్తున్నాను."

మీ మొదటి ఫొటోతోనే మొదలుపెడతాను. రైడర్, అంటే కూతకు వెళ్లిన అమ్మాయి, బోర్లా పడి ఉంది. ఒక అమ్మాయి ఆమె మడమ పట్టుకుంది, ఇంకొకరు నడుము మీద పడ్డారు, మూడో అమ్మాయి భుజం పట్టి వెనక్కి లాగుతోంది. రైడర్ కుడి చెయ్యి మధ్యగీత వైపు చాచి ఉంది. వేలికొసకూ గీతకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఎంత మంచి ఫొటో ఇది! చూసిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ చెయ్యి గీతను తాకిందా, లేదా? తాకితే పట్టుకున్న ముగ్గురూ అవుట్, మూడు పాయింట్లు. తాకకపోతే ఆమే అవుట్, పాయింటు అవతలి జట్టుకు. అంత ఉత్కంఠ ఉన్న ఫొటో కింద "దుమ్మురేపిన మన అమ్మాయిలు" అని ఉంటే, పాఠకుడు అడిగినదానికి జవాబు దొరకలేదు. ఒకసారి అలా జరిగితే తర్వాతి ఫొటో కింద ఏం రాశారో చూడాలని అతనికి అనిపించదు.

ఒక దినపత్రిక క్రీడా విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నా నమ్మకం చెబుతాను. క్యాప్షన్ ఆసక్తిగా ఉండటానికీ అందమైన మాటలకూ పెద్దగా సంబంధం లేదు. ఆటల ఫొటోలు సాధారణంగా సెకనులో వెయ్యో వంతు వేగంతో తీస్తాం. అంత చిన్న ముక్కలో ముందు ఏం జరిగిందో ఉండదు, తర్వాత ఏం జరిగిందో ఉండదు. స్కోరు ఎంత, ఇది ఎన్నో ప్రయత్నం, ఆ మనిషి ఎవరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఇవేవీ కంటికి కనపడవు. కనపడనివాటిలో ఏది చెబితే ఫొటో ఇంకా బాగా అర్థమవుతుందో వెతికి, దాన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పడమే ఈ పని. మీరు రాసే "దుమ్మురేపిన", "చెలరేగిన", "అదరగొట్టిన", "మెరిసిన" అన్నీ కన్ను ముందే చూసేసిన సంగతులు. పైగా ఏ ఫొటో కిందనైనా సరిపోతాయి. ఏ ఫొటోకైనా సరిపోయే క్యాప్షన్ నిజానికి ఏ ఫొటోకూ పనికిరాదు. రాశాక ఒకసారి ఆ మాటలను పక్క ఫొటో కింద పెట్టి చూడండి. అక్కడా ఇమిడిపోతే కొట్టేయండి.

మీ కబడ్డీ ఫొటోకు నేనైతే ఇలా రాస్తాను: "చెయ్యి గీతను తాకింది. రెండో అర్ధభాగంలో మూడు పాయింట్లు వెనకబడి ఉండగా ఫలానా జట్టు రైడర్ ఫలానా ఈ ఒక్క రైడ్‌లో ముగ్గురిని అవుట్ చేసి స్కోరు సమం చేసింది." ఒకవేళ తాకకపోయి ఉంటే మరీ మంచిది: "జానెడు దూరంలో ఆగిపోయింది. ఈ రైడ్‌లో ఫలానాను పట్టేసిన ముగ్గురు డిఫెండర్లే మ్యాచ్‌ను తమ జట్టు వైపు తిప్పారు." ఇక్కడ ఒక్క విశేషణం కూడా లేదు, ఆశ్చర్యార్థకం లేదు. అయినా చదివినవాళ్లు మళ్లీ పైకి వెళ్లి ఆ చేతిని చూస్తారు. కన్ను ఫొటో నుంచి క్యాప్షన్‌కూ, క్యాప్షన్ నుంచి మళ్లీ ఫొటోకూ వెళ్లిందంటే మీరు రాసింది పనిచేసినట్టే.

ఇప్పుడు అందరికీ తెలిసిన ఒక సందర్భం తీసుకుందాం. 2024 డిసెంబరు 28, మెల్‌బోర్న్ మైదానం, ఆస్ట్రేలియాతో బాక్సింగ్ డే టెస్టు మూడో రోజు. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఒక మోకాలిపై కూర్చున్నాడు. బ్యాటు నేలకు ఆనించి నిలబెట్టి, దాని పిడి మీద హెల్మెట్ పెట్టి, చెయ్యి ఆకాశం వైపు ఎత్తాడు. ఆ ఫొటో మీ ఫోనులోకి కూడా వచ్చే ఉంటుంది. "సెంచరీ సాధించిన ఆనందంలో నితీశ్" అని రాస్తే అందులో కొత్త సంగతి ఏమీ లేదు. సెంచరీ అని తెలుసు, నితీశ్ అని తెలుసు, ఆనందం ముఖంలోనే ఉంది. ఫొటోలో లేని మనిషి ఒకరు ఉన్నారు, సిరాజ్. నితీశ్ 99 మీద అవతలి ఎండ్‌లో నిలబడి ఉండగా బుమ్రా అవుటయ్యాడు. చివరి బ్యాటర్‌గా సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులు మిగిలున్నాయి. ఆ మూడింటినీ సిరాజ్ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలాండ్ బంతిని నితీశ్ బౌండరీ దాటించాడు. కాబట్టి ఆ ఫొటో కింద నేను రాసేది ఇది: "99 దగ్గర అవతలి ఎండ్‌లో నిలబడి సిరాజ్ ఎదుర్కొన్న మూడు బంతులను చూస్తూ గడిపిన నితీశ్, బోలాండ్ బంతికి ఫోర్ కొట్టి తొలి టెస్టు శతకం పూర్తి చేశాక." మూడు బంతుల నిరీక్షణ ఎలాంటిదో చదివినవాళ్లే ఊహించుకుంటారు. ఊహించుకోవడానికి కావలసిన సరుకు మాత్రం మనం ఇవ్వాలి.

అదే రోజు వచ్చిన ఇంకో ఫొటో దీనికి పూర్తిగా వేరు. ప్రేక్షకుల మధ్య ఒక పెద్దాయన కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉన్నాడు. పేరు చెప్పకపోతే ఆయన స్టాండ్స్‌లోని వేలమందిలో ఒకడు మాత్రమే. "నితీశ్ తండ్రి ముత్యాలరెడ్డి" అనగానే ఫొటో మారిపోయింది. "కొడుకు క్రికెట్ కోసం ఉద్యోగం వదులుకున్న" అనే మాట చేరిస్తే ఇంకా మారుతుంది. ఇక్కడ మూడు బంతుల కథ అక్కర్లేదు, స్కోరు కూడా ఒక్క ముక్క చాలు. ముందు ఎవరో చెప్పాలి. ఒకే ఘటన, రెండు ఫొటోలు. ఒకదానికి మనిషి ఎవరన్నది వెనక్కి పోయింది, రెండోదానికి అదే ప్రాణమైంది. మా దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్లు సూత్రం చెప్పమంటారు. "ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు" అన్నవి అన్నీ ఉండాలన్నది సరే. కానీ వాటిలో ఏది ముందు రావాలో ప్రతి ఫొటో విడిగా తేలుస్తుంది.

చర్య ఏమీ లేని ఫొటోలతోనే కొత్తవాళ్లకు భయం. నిజానికి క్యాప్షన్ అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది వాటి కిందే. 2001 మార్చి 14 సాయంత్రం ఈడెన్ గార్డెన్స్ నుంచి లక్ష్మణ్, ద్రావిడ్ బయటికి నడిచివస్తున్న ఫొటోలు చూడండి. అలసిపోయిన ఇద్దరు మనుషులు, అంతే. "ఫాలో ఆన్ ఆడుతున్న భారత్ ఈ రోజంతా ఒక్క వికెట్ కూడా పోగొట్టుకోలేదు. ఉదయం 254/4, సాయంత్రం 589/4." ఈ అంకెలు చదివాక వాళ్ల నడక వేరుగా కనిపిస్తుంది. కరణం మల్లీశ్వరి సిడ్నీ ఫొటో కూడా అంతే. బార్ తల మీదికి ఎత్తిన భంగిమ వెయిట్‌లిఫ్టింగ్‌లో అందరిదీ ఒకేలా ఉంటుంది. 2000 సెప్టెంబరు 19న ఆమె 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తింది 242.5. రెండున్నర కిలోల తేడా! ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అన్న వాక్యం ఎలాగూ రాస్తాం. దాని పక్కన ఈ రెండున్నర కిలోలు కూడా ఉంటే పాఠకుడికి ఆ బార్ బరువు చేతికి తగులుతుంది. అంకెలు విసుగు పుట్టిస్తాయని చాలామంది అంటారు. ఫొటోలో ఉన్న వస్తువుకు అతుక్కున్న అంకె ఎప్పుడూ విసుగు పుట్టించదు. గతేడాది సగటు, మొత్తం పతకాల పట్టిక, ఇలా ఫొటోకు బయట తిరిగే అంకెలతోనే తంటా.

ఇక జాగ్రత్తల సంగతికి వస్తాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఆసక్తి పేరుతో అబద్ధం చెప్పడం మన పనిలో చాలా తేలిక. అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరుగుతుంటుంది. అతని వీపు మనవైపు ఉంటుంది, కాలి దగ్గర బంతి, ఎదురుగా ఆరుగురు బెల్జియం ఆటగాళ్లు కంగారుగా చూస్తుంటారు. "ఒక్కడిని ఆపడానికి ఆరుగురు" అనే అర్థం వచ్చేలా దాని కింద ఎన్ని రకాలుగా రాశారో లెక్కలేదు. 1982 జూన్ 13న బార్సిలోనాలో ప్రపంచకప్ ఆరంభ మ్యాచ్‌లో స్టీవ్ పావెల్ తీసిన ఫొటో అది. ఆ ఆరుగురు మారడోనా కోసం పరుగెత్తి రాలేదు. ఫ్రీకిక్‌కు అడ్డంగా గోడ కట్టి నిలబడ్డారు. సహచరుడు ఆర్డిలెస్ బంతిని నేరుగా కొట్టకుండా పక్కనున్న మారడోనాకు అందించాడు, గోడ అప్పుడే విడిపోతోంది, కెమెరా ఆ క్షణాన్ని పట్టింది. ఆ మ్యాచ్‌లో బెల్జియం 1-0తో గెలిచింది. ఫొటోలో ఏ మార్పూ లేదు, కింద మాటలే దాన్ని వేరే కథగా మార్చాయి. నిజమైన కథ చెబితే ఫొటో చిన్నదవుతుందా? నాకు మాత్రం అనిపించదు. కెమెరా ఎంత మాయ చేయగలదో తెలిసి ఆ ఫొటోను ఇంకా ఇష్టంగా చూస్తాను.

రియో ఒలింపిక్స్‌లో ఉసేన్ బోల్ట్ పరుగెత్తుతూనే పక్కకు తిరిగి నవ్విన ఫొటో ఇంకొకటి. కామెరాన్ స్పెన్సర్ తీశాడు. దాన్ని వంద మీటర్ల ఫైనల్ అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది సెమీఫైనల్. ఆ ఒక్క మాటలో చాలా తేడా ఉంది. ఫైనల్లో నవ్వితే అది గెలుపు నవ్వు, సెమీఫైనల్లో నవ్వితే అది ధీమా. మీ జిల్లా పోటీల్లోనూ హీట్స్, అంటే తొలి దశ పరుగుల ఫొటోకు ఫైనల్ అని రాయకండి. పరుగెత్తిన పిల్లలకు తెలుసు, వాళ్ల కోచ్‌లకు తెలుసు. ఒక్కసారి తప్పు పడితే మిగతా క్యాప్షన్లన్నిటి మీదా నమ్మకం పోతుంది.

ఫలితం ప్రకటించకముందే పతకం పేరు రాయడం ఇంకో ప్రమాదం. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. పక్క లేన్‌లోని చైనా అథ్లెట్ వూ యాన్ని ముందే కదిలింది. మొదట జ్యోతిని కూడా తప్పించారు. ఆమె గట్టిగా అభ్యంతరం చెప్పింది, చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి మూడో స్థానంలో వచ్చింది. తర్వాత వూ యాన్నిని అనర్హురాలిగా ప్రకటించారు, జ్యోతికి రజతం దక్కింది. రేసు ముగిసిన వెంటనే "కాంస్యంతో సరిపెట్టుకున్న జ్యోతి" అని రాసినవాళ్ల క్యాప్షన్ కాసేపటికే తప్పయింది. ఇలాంటి సందర్భంలో అప్పటికి కచ్చితంగా తెలిసింది మాత్రమే రాయాలి: "మూడో స్థానంలో గీత దాటిన జ్యోతి. అధికారిక ఫలితం రావాల్సి ఉంది." టైమింగ్ యంత్రం చూపింది ఒకటి, తీర్పు వేరొకటి కావచ్చు. కబడ్డీలో రివ్యూ అయినా, క్రికెట్‌లో థర్డ్ అంపైర్ అయినా ఇదే పద్ధతి. ఇంకో సంగతి, ఆ రోజు ఫొటోల్లో నాకు నచ్చేవి పతకంతో ఉన్నవి కావు. రేసుకు ముందు అధికారులతో జ్యోతి వాదిస్తున్నవి. తన పరుగు కోసం ఆమె నిలబడిన తీరు వాటిలో కనిపిస్తుంది. వాటికి క్యాప్షన్ లేకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

పేర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. 1968 అక్టోబరు 16న మెక్సికో ఒలింపిక్స్ 200 మీటర్ల పతక ప్రదానంలో జాతి వివక్షకు నిరసనగా నల్ల గ్లవ్ తొడిగిన పిడికిళ్లు ఎత్తిన అమెరికా నల్లజాతి అథ్లెట్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్‌ల ఫొటో మీకు తెలుసు. అదే వేదిక మీద రెండో స్థానంలో ఒక తెల్లజాతి అథ్లెట్ నిలబడి ఉంటాడు, ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ నార్మన్. మానవ హక్కుల ఉద్యమ బ్యాడ్జీ అతని ఛాతీ మీద కూడా ఉంది, ముగ్గురూ పెట్టుకున్నారు. ఎన్నో క్యాప్షన్లలో అతని పేరే లేదు. పేరు లేకపోవడంతో ఆ బ్యాడ్జీ కూడా ఎవరి కంటా పడలేదు, సంబంధం లేని మూడోవాడిలా మిగిలాడు. 2006లో నార్మన్ చనిపోతే అతని శవపేటికను మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. ఫొటోలో స్పష్టంగా ముఖం కనిపించే ప్రతి ఆటగాడి పేరూ, ప్రతి ఆటగత్తె పేరూ రాయాలని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. "మరో క్రీడాకారిణి", "తోటి ఆటగాళ్లతో" అని రాయబోయే ముందు ఆ మనిషి ఎవరో ఒక్కసారి అడగండి.

ఇక్కడే మీ మూడో ఫొటో వస్తుంది, బహుమతి ప్రదానం. మీరు రాసింది: "విజేతలకు బహుమతులు అందజేస్తున్న ఎమ్మెల్యే, చిత్రంలో సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి తదితరులు." మన పత్రికల్లోనూ ఇదే వరస చాలాకాలంగా నడుస్తోంది. ఆడినవాళ్లు "విజేతలు" అనే ఒక్క మాటలోకి కుదించుకుపోయారు, ఆడనివాళ్లందరికీ హోదాలు వచ్చాయి. అతిథుల పేర్లు వదిలేయమని నేను అనను. సంఘం నడవాలి, వాళ్ల సహకారం కావాలి. వరస మార్చండి చాలు. మొదటి వాక్యంలో గెలిచిన జట్టు, కెప్టెన్ పేరు, ఫైనల్ స్కోరు. రెండో వాక్యంలో ఎడమ నుంచి కుడికి అమ్మాయిల పేర్లు. మూడో వాక్యంలో ట్రోఫీ అందించినవారు. ఏడుగురు పేర్లు పెడితే క్యాప్షన్ పొడవైపోతుందేమో అనుకోకండి. ఆ ఏడుగురి ఇళ్లలోనూ ఆ పోస్టు చూస్తారు, దాచుకుంటారు, ఊళ్లో చూపించుకుంటారు. జిల్లా స్థాయి ఆటలో ఒక అమ్మాయి పేరు అచ్చులో కనిపించే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? ఆ ఒక్కసారి మన చేతిలో ఉంది.

పేర్లు తప్పుల్లేకుండా సేకరించడానికి నా పద్ధతి చెబుతాను. మ్యాచ్ మొదలవకముందే స్కోరర్ దగ్గరున్న జట్టు జాబితాను ఫొటో తీసుకోండి. అది ఆ రోజు మీ కెమెరాలో మొదటి ఫ్రేమ్ కావాలి. జెర్సీ నంబర్లు జాబితాతో కలుస్తున్నాయో లేదో వార్మప్ అప్పుడే చూసుకోండి. స్థానిక పోటీల్లో చొక్కాలు మార్చుకోవడం మామూలే. ఏదైనా పెద్ద రైడో, సెంచరీనో జరిగిన వెంటనే కెమెరా తిప్పి స్కోర్‌బోర్డును ఒక ఫ్రేమ్ తీయండి. సాయంత్రం కూర్చున్నప్పుడు ఆ ఫొటో ముందు స్కోరు ఎంతో, తర్వాత ఎంతో ఫ్రేముల వరసే చెబుతుంది. పేరును తెలుగులో ఎలా రాస్తారో ఆటగాడినే అడగండి. ఇంగ్లిషు జాబితా చూసి మనం ఊహించి రాస్తే దీర్ఘాలు, ఒత్తులు తారుమారవుతాయి, ఇంటిపేరైతే పూర్తిగా మారిపోతుంది. ఆట ముగిశాక రెండు నిమిషాలు పక్కన కూర్చుని "ఆ రైడ్‌లో ఏం చూసి వెళ్లావు?" అని అడగండి. వచ్చే జవాబుల్లో సగం క్యాప్షన్‌కు నేరుగా పనికొస్తాయి. "కుడి మూల ఆమెకు మోకాలి నొప్పి ఉందని ముందు రైడ్‌లో గమనించాను" అని ఒక రైడర్ చెబితే, ఏ సొంత వర్ణనా దానికి సాటిరాదు.

వాక్య నిర్మాణం విషయంలో తెలుగుకు ఒక ఇబ్బంది ఉంది. క్రియ చివర వస్తుంది కాబట్టి, తేదీ, ఊరు, టోర్నీ పేరు, వేదిక, ప్రత్యర్థి అన్నీ ముందే పేర్చేస్తే అసలు ఏం జరిగిందో తెలిసేసరికి పాఠకుడు వెళ్లిపోతాడు. "శనివారం మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో ఆస్ట్రేలియాతో జరుగుతున్న నాలుగో టెస్టు మూడో రోజు ఆటలో సెంచరీ సాధించిన అనంతరం అభివాదం చేస్తున్న భారత బ్యాటర్..." ఇలాంటివి మీరు రోజూ చూస్తారు. రెండు ముక్కలు చేయండి. మొదటి వాక్యం ఫొటోలో జరుగుతున్నదాని గురించి, చిన్నగా. రెండో వాక్యం ముందూ వెనకా కథ, భూతకాలంలో. తేదీ, వేదిక అన్నిటికంటే చివర. అంతర్జాతీయ వార్తాసంస్థలు కూడా వాక్యాలను ఇలాగే విడదీస్తాయి: మొదటి వాక్యం వర్తమానంలో ఫొటోను చెబుతుంది, రెండోది నేపథ్యాన్ని చెబుతుంది. మన పేజీల్లో అయితే ఫోను తెరమీద మొదటి రెండు లైన్లే కనిపించి మిగతాది దాగిపోతుంది కాబట్టి ఈ వరస ఇంకా అవసరం. "చెయ్యి గీతను తాకింది" మొదటి లైనులో ఉండాలి, టోర్నీ పూర్తి పేరు అయిదో లైనులో ఉన్నా నష్టం లేదు.

ఆట మాటలు ధైర్యంగా వాడండి. స్మాష్, డ్రాప్, యాంకిల్ హోల్డ్, బోనస్, సూపర్ టాకిల్, పోల్ డైవ్, వీటిని మీ పాఠకులు రోజూ వింటారు. "అద్భుతమైన షాట్" కంటే "నెట్‌ను రాసుకుంటూ పడిన డ్రాప్" ఎంతో నయం. ఆట తెలియనివాళ్లు కూడా చదువుతారనుకుంటే ఒక చిన్న మాట కలపండి: "ముగ్గురే మిగిలిన జట్టు రైడర్‌ను పట్టేస్తే వచ్చే సూపర్ టాకిల్ పాయింట్లు ఇవి" అని. అంతకుమించి వివరణ అక్కర్లేదు. ప్రాసలు, చమత్కారాలు మన పత్రికల సంప్రదాయంలో భాగమే, నాకూ ఇష్టమే. ఫొటో స్వయంగా సరదాగా ఉన్నప్పుడు, అంటే మైదానంలోకి కుక్క వచ్చినప్పుడో, అంపైర్ టోపీ ఎగిరిపోయినప్పుడో బాగుంటాయి. గాయం, ఓటమి, కన్నీళ్లు ఉన్న ఫొటో కింద ఒక్క చమత్కారం కూడా వద్దు.

మీ రెండో ఫొటో అలాంటిదే. 800 మీటర్ల ఫైనల్లో నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి ట్రాక్ పక్కన మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. "నిరాశలో మునిగిన" అని రాశారు. నిరాశ ఫొటోలోనే ఉంది. మూడో స్థానానికీ ఆమెకూ ఎన్ని సెకన్ల తేడా, చివరి మలుపు దగ్గర ఆమె ఎన్నో స్థానంలో ఉంది, ఇది ఆమె అత్యుత్తమ టైమింగా, ఇవి చెప్పండి. ఓడినవాళ్ల గురించి రాయడంలో గౌరవం అంటే జాలిపడటం కాదు, వాళ్ల ఆటను గెలిచినవాళ్ల ఆటంత శ్రద్ధగా చూడటం. 2016 ఆగస్టు 19న రియో ఫైనల్లో సింధు 21-19, 12-21, 15-21తో కరోలినా మారిన్ చేతిలో ఓడింది. చివరి పాయింటు తర్వాత మారిన్ కోర్టు మీద పడిపోయి ఏడుస్తుంటే సింధు అవతలికి వెళ్లి ఆమెను హత్తుకుంది. ఆ ఫొటో కింద "రజతంతో సరిపెట్టుకున్న సింధు" అని రాయడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. తొలి గేమ్ గెలిచి, ఓడి, ప్రత్యర్థి దగ్గరికి నడిచి వెళ్లిన మనిషి ఆమె. అదే రాస్తే చాలు.

ఆ 800 మీటర్ల అమ్మాయి బడి పిల్ల అని మీరే రాశారు. ఫొటో పెట్టేముందు ఆమెనూ, ఇంట్లోవాళ్లనూ, కోచ్‌నూ అడగండి. వద్దంటే వదిలేయండి, ఎంత మంచి ఫొటో అయినా సరే. పేరు, జట్టు, జిల్లా వరకు రాయండి. ఊళ్లో ఇల్లు ఎక్కడో, ఏ దారిలో ప్రాక్టీసుకు వెళ్తుందో రాయకండి. అమ్మాయిల ఫొటోల కింద అందం, నవ్వు, జడ, బట్టలు రావద్దు. అబ్బాయిల ఫొటో కింద రాయనిది అమ్మాయిల ఫొటో కిందా రాయవద్దు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

హ్యాష్‌ట్యాగులు తక్కువ పెట్టండి, జిల్లా పేరు తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి, ఆట పేరు, టోర్నీ పేరు చాలు. మంట బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరసగా పేర్చకండి. కంటిచూపు లేనివాళ్ల కోసం ఫొటో వర్ణన రాసే చోటు చాలా యాప్‌లలో ఉంటుంది. క్యాప్షన్‌లో వద్దన్న "కంటికి కనపడేది" అంతా అక్కడ రాయాలి, ఎవరు ఎక్కడ పడి ఉన్నారు, చెయ్యి ఎటు చాచి ఉంది అన్నది సహా. ఫొటో తీసింది మీరు కాకపోతే తీసినవారి పేరు తప్పనిసరి. తప్పు దొర్లితే పోస్టు తొలగించి ఊరుకోకండి, సరిచేసి "పేరు సవరించాం" అని అక్కడే రాయండి.

చివరిగా ఒక పని ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. ఫొటో ఫైలులోనే వివరాలు నమోదు చేసే వీలు ఉంటుంది, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో దానికి ప్రత్యేకంగా గడులు ఉంటాయి. పేజీలో పెట్టిన క్యాప్షన్‌నే అక్కడా అతికించండి: పూర్తి పేర్లు, జట్లు, స్కోరు, తేదీ, వేదిక, ఎవరు తీశారు. అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోవచ్చు, అందుకే అసలు ఫైలు విడిగా హార్డ్‌డిస్క్‌లో దాచి, ఫైలు పేరులో కూడా తేదీ, ఆట, జట్ల పేర్లు పెట్టండి. ఆ రైడర్ రేపు రాష్ట్ర జట్టుకో, దేశ జట్టుకో ఎంపికైతే పత్రికలవాళ్లు మొదట ఫోను చేసేది మీకే. అప్పుడు ఆ చెయ్యి గీత వైపు చాచిన ఫొటోను పేరుతో వెతికి తీసి ఇవ్వగలగాలి. ఇప్పటిదాకా తీసిన పాతవాటికి కూడా, పిల్లల పేర్లు కోచ్‌లకు గుర్తుండగానే, వారానికి కొన్ని చొప్పున పూర్తిచేయండి. వచ్చే పోటీల ఫొటోలకు మీరు రాసిన క్యాప్షన్లు ఇక్కడే పెట్టండి, ఒక్కొక్కటీ చదివి నా అభిప్రాయం చెబుతాను.